అక్రోపోరా పగడం మీద గుండ్రటి పాలిపోయిన మచ్చలు: పురుగు కొరికిందా, నీళ్ల తేడానా?

#1 – నీలిపలక

పగడాల ఉప్పునీటి ట్యాంకు 450 లీటర్లు. సంప్ (కింద ఉండే ఫిల్టర్ తొట్టి) కలిపి, రాళ్లు తీసేసి లెక్కేస్తే అసలు నీళ్లు 400 లీటర్లు. అక్రోపోరాలు (కొమ్మలుగా పెరిగే రాతి పగడాలు) 11. వాటిలో మూడు రాయి మీదికి పాకేసి ఉన్నాయి, మిగతావన్నీ ప్లగ్గుల (అంటించే చిన్న దిమ్మల) మీదే.

సాలినిటీ 35, వేడి 26 డిగ్రీలు, ఆల్కలినిటీ 8.2 డీకేహెచ్, కాల్షియం 430, మెగ్నీషియం 1350, నైట్రేట్ 6, ఫాస్ఫేట్ 0.05. మూడు వారాలుగా వీటిలో పెద్ద మార్పు లేదు.

పచ్చ కొమ్మల కాలనీకి మొదలు దగ్గర, నీడపడే వైపు, గుండ్రటి పాలిపోయిన మచ్చలు వచ్చాయి. ఒక్కోటి మిల్లీమీటరు ఉంటుందేమో. కొమ్మల కొసలు బాగానే ఉన్నాయి. పగలు పాలిప్స్ (పగడపు చిన్న నోళ్లు) సగమే తెరుస్తోంది. డిప్ చెయ్యాలా (మందు నీళ్లలో ముంచడం), నీళ్లు మార్చాలా? ఏ డిప్?

#2 – భూతద్దం

ముందు పురుగేంటో తేల్చుకోండి, మందు తర్వాత. మీరు చెప్పిన మూడు గుర్తులూ (గుండ్రంగా, మొదలు దగ్గర, నీడవైపు) అక్రోపోరా తినే ఫ్లాట్‌వార్మ్ (చదును పురుగు) వైపే చూపిస్తున్నాయి. శాస్త్రీయ నామం ప్రోస్థియోస్టోమమ్ అక్రోపోరే. 2011లో వర్ణించినప్పుడు అమకుసప్లానా అనే ప్రజాతిలో పెట్టారు, తర్వాత మార్చారు. పాత వ్యాసాల్లో ఆ పేరు కనిపిస్తే అదీ ఇదీ ఒకటే.

వేరే కారణమైతే ఇలా ఉండదు. ఆల్కలినిటీ ఎగిరితే కొసలు కాలతాయి. వెలుతురు ఎక్కువైతే పైవైపు తెల్లబడుతుంది. మొదలు నుంచి కండ ఊడే జబ్బయితే మచ్చలుండవు, తెల్లటి అంచు ఒకే గీతలా పైకి పాకుతుంది. చేప కొరికితే మచ్చ ఒక ఆకారంలో ఉండదు, అందేచోటల్లా ఉంటుంది. రెడ్ బగ్ (అక్రోపోరాకు పట్టే ఇంకో చిన్న పురుగు) అయితే మచ్చే ఉండదు. రంగు మసకేసి పాలిప్స్ ముడుచుకుంటుంది, అంతే.

ఈ ఫ్లాట్‌వార్మ్‌ని కంటితో పట్టడం కష్టం. ఒళ్లు పారదర్శకం. తిన్న పగడపు కణాలూ అందులోని శైవలాలూ దాని కడుపులో ఉండిపోతాయి కాబట్టి ఏ కొమ్మను తింటే ఆ రంగులోకి వస్తుంది. పచ్చ కొమ్మ మీద పచ్చగా, గోధుమ కొమ్మ మీద గోధుమరంగులో. మీరు దాని మీదే చూపు పెట్టి వెతుకుతున్నా కనపడదు.

పరీక్ష ఇలా చెయ్యండి. ప్లగ్గు మీదున్న ఒక ఫ్రాగ్‌ను (కోసి అంటించిన చిన్న ముక్కను) తెల్లటి ట్రేలో ట్యాంకు నీళ్లలో పెట్టండి. వంటింట్లో మాంసం మీద రసం పోసే బల్బు పిప్పెట్ ఉంటుంది కదా, దానితో మొదలు దగ్గర, కొమ్మల పంగల్లో గట్టిగా పది పదిహేను సార్లు నీళ్లు కొట్టండి. నీలి దీపం ఆపి తెల్ల టార్చి వేసి చూడండి. జిగురు తునకలాంటిది ఊడి పడుతుంది. నిజంగా జిగురే అయితే అలాగే తేలుతుంది. పురుగైతే కొన్ని సెకన్లలో చదునుగా పరుచుకుని జారుతూ పోతుంది.

#3 – మొదటిట్యాంకు

నాకు తెలిసి ఫ్లాట్‌వార్మ్ ఎగ్జిట్ అని ఒక సీసా దొరుకుతుంది. ట్యాంకులోనే పోసెయ్యొచ్చు కదా, అన్నీ పీకే పని తప్పుతుంది. లేదంటే చేపలకు చేసినట్టు మంచినీళ్లలో ముంచి తీస్తే?

#4 – సంప్‌గది

రెండూ వద్దు.

ఎగ్జిట్ పనిచేసేది ఎర్ర తుప్పు రంగు చిన్న ఫ్లాట్‌వార్మ్‌ల మీద. ఇసుక మీదా రాళ్ల మీదా వందలకొద్దీ పరుచుకునే కన్వొల్యూట్రిలోబా అది. దాని కథ వేరు. చస్తూ విషం వదులుతుంది కాబట్టి ముందు సైఫన్‌తో వీలైనన్ని లాగేసి, మందు పోశాక కార్బన్ (మందును పీల్చే బొగ్గు) పెట్టాలి. అక్రోపోరా తినేది పాలిక్లాడ్ (వేరే వర్గపు చదును పురుగు), దానికి ఆ లేబుల్ మోతాదు సరిపోదు. పైగా ట్యాంకులో ఏ మందు పోసినా గుడ్లు చెక్కుచెదరవు.

మంచినీళ్ల సంగతికొస్తే, చేపకు పొలుసూ జిగురూ ఉన్నాయి, కాసేపు తట్టుకుంటుంది. అక్రోపోరా కండ ఎముక మీద పలుచటి పొర. ఉప్పు ఒక్కసారిగా పడిపోతే కణాల్లోకి నీళ్లు తన్నుకొచ్చి పగులుతాయి. పురుగు పోవచ్చు, కొమ్మ కూడా పోతుంది.

#5 – నీలిపలక

భూతద్దం గారు చెప్పినట్టే చేశాను. ఒక ఫ్రాగ్ నుంచి ఆరు పడ్డాయి. చిన్నది 2 మి.మీ., పెద్దది 7 మి.మీ. ఫ్రాగ్ అడుగున, కండ ఆగిపోయి ఎముక మొదలయ్యే చోట, తేనె రంగు గింజల్లాంటివి పక్కపక్కన అంటుకుని ఉన్నాయి. మొత్తం 11 తీసి డిప్ చెయ్యడానికి సిద్ధం. ఏ వరసలో చెయ్యాలో చెప్పండి.

#6 – సంప్‌గది

ఆ తేనె రంగు గింజలే గుడ్ల గుళికలు. ఒక్కో గుళికలో పిల్లలు ఒకటి కంటే ఎక్కువే ఉంటాయి. ఏ డిప్పూ వాటిని చంపదు. ఈ పురుగు విషయంలో జనం ఓడిపోయేది ఇక్కడే. మొదటి డిప్‌లో ముప్పై పురుగులు రాలగానే సంబరపడి ట్యాంకులో తిరిగి పెట్టేస్తారు. నెల తిరిగేసరికి మళ్లీ మొదటికొస్తుంది.

లెక్క అర్థమైతే పని తేలిక. 27 డిగ్రీల దగ్గర గుడ్డు పగలడానికి సుమారు 11 రోజులు పడుతుంది, ఆలస్యంగా పగిలేవి మూడు వారాల దాకా తీస్తాయి. పిల్ల పెరిగి మళ్లీ గుడ్లు పెట్టాలంటే, గుడ్డు నుంచి లెక్కేస్తే, అయిదు వారాలు దాటుతుంది. నీళ్లు చల్లగా ఉంటే అన్నీ ఇంకా సాగుతాయి. కాబట్టి ఉన్న గుడ్లన్నీ పగలాలి, పగిలిన పిల్ల పెద్దది కాకముందే డిప్‌లో పడాలి. మందు ఎంత ఘాటుదన్నది కాదు, ఏ రోజు ముంచామన్నదే ముఖ్యం.

క్యాలెండర్: 0, 7, 14, 21, 28, 35, 42వ రోజుల్లో డిప్. చివరి రెండు డిప్పుల్లో ఒక్క పురుగు కూడా పడకూడదు. పడితే ఆ రోజును 0 అనుకుని మళ్లీ మొదలు. పెద్ద ట్యాంకులో ఈ కాలమంతా ఒక్క అక్రోపోరా ముక్క కూడా ఉండకూడదు. ఈ పురుగు అక్రోపోరా తప్ప ఇంకోటి తినదు, తిండి లేకపోతే చస్తుంది. 8 వారాలు ఖాళీగా ఉంచండి. మోంటిపోరా, స్టైలోఫోరా, యూఫీలియా లాంటి వేరే పగడాలు, చేపలు ఎక్కడివక్కడే ఉండొచ్చు.

డిప్ రోజు పని.

మూడు తెల్ల బకెట్లు. మొదటిదానిలో 4 లీటర్ల ట్యాంకు నీళ్లూ డిప్ మందూ. రెండోదీ మూడోదీ కడగడానికి, అవి కూడా ట్యాంకు నీళ్లే. రివైవ్ (పగడాల డిప్ మందు) అయితే లేబుల్ ప్రకారం 4 లీటర్లకు 40 మి.లీ. కోరల్ ఆర్‌ఎక్స్ అయితే సీసా మీదున్న మోతాదు చూసుకోండి, మామూలుదీ గాఢమైనదీ రెండు రకాలున్నాయి, అక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. డిప్ బకెట్‌లో చిన్న పవర్‌హెడ్ (నీళ్లు కదిలించే పంపు) పెట్టండి. నిలవ నీళ్లలో మందు కొమ్మల సందుల్లోకి చేరదు.

పది నిమిషాలు. ప్రతి నిమిషానికీ ఫ్రాగ్‌ను తలకిందులు చేసి పిప్పెట్‌తో మొదలు దగ్గర కొట్టాలి. మందు పురుగు పట్టును సడలిస్తుంది, దాన్ని ఊడగొట్టేది నీటి తాకిడి. కొట్టకుండా పది నిమిషాలు నానబెట్టి తీస్తే సగం పురుగులు కొమ్మతోపాటే తిరిగొస్తాయి, కొన్ని కోలుకుంటాయి కూడా. తర్వాత రెండో బకెట్‌లో నిమిషం, మూడోదానిలో నిమిషం. ఈ మూడు బకెట్ల నీళ్లలో ఒక్క చుక్క కూడా ట్యాంకులోకి వెళ్లకూడదు.

ఏసీ గదిలో చేస్తుంటే బకెట్ నీళ్లు చల్లబడిపోతాయి. బకెట్‌లో చిన్న హీటర్ పెట్టండి, లేదంటే నాలుగు ఫ్రాగ్‌లకోసారి నీళ్లు మార్చండి. మార్చినప్పుడల్లా మందు కూడా కొత్తగా కలపాలి. జిగురు చేరేకొద్దీ పాత నీళ్లలో మందు పస తగ్గుతుంది.

#7 – కారంమిరప

అమెరికా వాళ్లు బేయర్ పురుగుమందుతో డిప్ చేస్తారని చదివాను. అది ఇమిడాక్లోప్రిడ్ అంటున్నారు. మిరప తోటకు కొట్టే కాన్ఫిడార్ కూడా అదే కదా, ఇక్కడ ఏ ఎరువుల కొట్టులోనైనా దొరుకుతుంది. అదే మి.లీ. లెక్కన వాడొచ్చా?

#8 – సంప్‌గది

అదే మి.లీ. లెక్కన అస్సలు వద్దు. అడిగి మంచి పని చేశారు.

వాళ్లు వాడేది మట్టికీ పచ్చికకూ కొట్టే గాఢద్రావణం. అందులో ఇమిడాక్లోప్రిడ్ 0.72 శాతం, బీటా-సైఫ్లూత్రిన్ 0.36 శాతం. ఇప్పుడు బయోఅడ్వాన్స్‌డ్ పేరుతో వస్తోంది. హాబీలో తిరిగే కొలత 250 మి.లీ. నీళ్లకు 10 మి.లీ. కాన్ఫిడార్ ఎస్‌ఎల్ అంటే 17.8 శాతం. దాదాపు 25 రెట్లు ఘాటు. అందులో బీటా-సైఫ్లూత్రిన్ లేదు కూడా. రెండూ ఉన్నది కావాలని సోలొమన్ జోలికి వెళ్లకండి, అందులో ఇమిడాక్లోప్రిడ్ 19.81, బీటా-సైఫ్లూత్రిన్ 8.49 శాతం, పైగా నూనెలో కలిపిన మందు. ఆ నూనె కండకు పట్టుకుంటే ఎన్ని బకెట్లలో కడిగినా వదలదు.

సరైన సీసా దొరికినా ఇది పగడాల కోసం తయారుచేసిన మందు కాదని గుర్తుంచుకోండి. చేతికి నైట్రైల్ గ్లవ్స్, గాలి ఆడే చోటు. సైఫ్లూత్రిన్ జాతి మందులు రొయ్యలకూ పీతలకూ చేపలకూ పరమ విషం. సరిగా కడగని ఒక్క ప్లగ్గు వెళ్లినా ట్యాంకులో క్లీనర్ రొయ్యలు తెల్లారేసరికి వెల్లకిలా పడి ఉంటాయి. బేయర్ వాడితే మూడు కడుగుళ్లు, చివరిది కొత్త నీళ్లతో. వాడిన నీళ్లు కాలవలో, చెరువు వైపు పారబోయొద్దు.

నా ఓటు మొదటి డిప్‌కు బేయర్, తర్వాతి వాటికి రివైవ్ లేదా కోరల్ ఆర్‌ఎక్స్. ఏడుసార్లూ బేయరే అంటే కొమ్మ తట్టుకోదు.

#9 – కారంమిరప

అర్థమైంది. పొటాషియం క్లోరైడ్ డిప్ అని కూడా విన్నాను, అది పొలాల్లో చల్లే పొటాషే కదా?

#10 – భూతద్దం

రసాయనం అదే, కానీ ఎరువు గ్రేడ్ వద్దు. పొలాల పొటాషుకు ఉండే ఎర్ర రంగు ఇనుప తుప్పుది. శుద్ధిచేసిన రకమే వాడాలి, రీఫ్ ప్రైమర్ లాంటి డిప్పులు పొటాషియం రకమే. దీని సుగుణం ఏంటంటే పురుగు కండరాలు ముడుచుకుపోయి వెంటనే పట్టు వదిలేస్తుంది. లోపం, చాలావాటిని చంపదు, మూర్ఛపోతాయంతే. మందు లేని ఉప్పునీళ్లలో పడితే లేచి కూర్చుంటాయి. కాబట్టి కడుగుడు బకెట్‌లో ఊడిన పురుగులను తేలిగ్గా తీసుకోకండి.

గుడ్ల గురించి ఇంకా చెప్పాలి, సగం యుద్ధం అక్కడే.

10 రెట్ల చేతి భూతద్దం చాలు. గుడ్లు కండ మీద ఉండవు, కండ చచ్చి ఎముక బయటపడ్డ చోటే పెడుతుంది. కండ అంచుకు ఆనుకుని, ఒకదాని మీద ఒకటి కాకుండా ఒకే పొరగా, గోధుమ-తేనె రంగులో. పగలని గుడ్డు నిండుగా, రంగుతో ఉంటుంది. పగిలినది ఖాళీ, గాజు పెంకులా తెల్లగా, మూత తెరుచుకుని. డిప్ రోజున ఎన్ని నిండు, ఎన్ని ఖాళీ అని రాసి పెట్టుకోండి. ఖాళీవి ఎక్కువుంటే ఈసరికే పిల్లలు బయట తిరుగుతున్నట్టు.

తీసే పద్ధతి: డెంటల్ స్క్రేపర్‌తో గీకాలి. టూత్‌బ్రష్‌తో పోవు, జిగురు గట్టిది. గీకడం బకెట్ పైన చెయ్యండి, సింక్ మీద కాదు. ఎక్కడెక్కడో గుడ్లుంటే గీకే బదులు కండ మొదలయ్యే చోటికి 5 మి.మీ. పైన బోన్ కట్టర్‌తో కోసి, బతికిన పైముక్కను కొత్త ప్లగ్గు మీద సూపర్‌గ్లూ జెల్‌తో అంటించండి. పాత మొదలూ పాత ప్లగ్గూ చెత్తబుట్టలోకి. ప్లగ్గు కాడ గుంటల్లోకి దూరినవి ఏ పిప్పెట్‌కీ అందవు. ప్లగ్గు ఖరీదెంత, కొమ్మ ఖరీదెంత?

ఒక హెచ్చరిక. కోశాక అదే రోజు ఘాటు డిప్ వద్దు. తెగిన కండలోకి మందు నేరుగా దిగుతుంది. ముందు డిప్, తర్వాత కోత, తిరిగి డిప్ కనీసం మూడు నాలుగు రోజులాగి. అయోడిన్ డిప్ కోత పుండుకు మంచిదే గానీ ఈ పురుగును చంపదు.

#11 – పోటునీరు

సంప్‌గది గారితో ఒక చోట విభేదిస్తున్నాను. ఏడు డిప్పులంటే పురుగు కన్నా డిప్పుల వల్ల చచ్చే కొమ్మలే ఎక్కువ. అక్రోపోరాల్లో టెన్యూయిస్ రకాలు, నునుపు చర్మపు లోతునీటి రకాలు వారం వారం ముంచితే నాలుగోసారికి కండ వదిలేస్తాయి. గుడ్లు నిజంగా గీకేసి, ప్లగ్గులు మార్చేసి ఉంటే జీవితచక్రం లెక్క ప్రకారం రెండేసి వారాలకు మూడు డిప్పులు చాలు.

చాలామంది చేస్తున్నది ఇంకోటుంది: అసలు డిప్పే మానేసి చేపల మీద వదిలెయ్యడం. సిక్స్‌లైన్ రాస్, మెలనూరస్ రాస్, పసుపు కోరిస్. పగలంతా కొమ్మల మధ్య తిరుగుతూ పురుగులు ఏరుకుంటాయి.

#12 – సంప్‌గది

కాగితం మీద మీ లెక్క నిజమే. గుడ్లన్నీ గీకేశామని ఎంత నమ్మకం ఉంటే అన్ని తక్కువ డిప్పులు. మొదటిసారి చేసేవాళ్లు గుడ్లలో మూడో వంతు చూడరు. అందుకే ఏడు చెప్పాను. మధ్యే మార్గం: గట్టి కొమ్మలకు 7 రోజులకోసారి, టెన్యూయిస్‌లాంటి వాటికి 10 రోజులకోసారి, సమయం పదికి బదులు అయిదు నిమిషాలు. కొత్త మందు ఏదైనా ముందు ఒక చవక ఫ్రాగ్ మీద చేసి 24 గంటలు చూడండి.

రాస్‌ల మీద నాకు చిన్నచూపు లేదు, కానీ అవి మందు కాదు. పెద్ద పురుగులను తింటాయి, గుడ్లను ముట్టవు. పురుగులు పగలు కొమ్మ అడుగున నీడలో ఉంటాయి, రాస్ నోరు అంతదూరం పోదు. చేపలున్న ట్యాంకులో పురుగుల సంఖ్య తగ్గి మచ్చలు అరకొరగా కనిపిస్తాయి, దాంతో రోగం లేదనుకుని ఆ ట్యాంకు నుంచి ఫ్రాగ్‌లు నలుగురికీ పంచుతారు. ఈ పురుగు ఊళ్లు తిరగడానికి పెద్ద కారణం అదే.

పెప్పర్‌మింట్ రొయ్యల్లో లిస్మాటా విట్టాటా గుడ్లను కూడా తింటుందని ప్రయోగాల్లో తేలింది. సిక్స్‌లైన్‌తో జత చేస్తే బాగుంటుంది. కానీ అంగడిలో ఆ పేరుతో అమ్మే రొయ్యలు నాలుగైదు జాతులు, కొన్ని పగడాలనే గిల్లుతాయి.

#13 – నీలిపలక

పక్క ట్యాంకు 75 లీటర్లది ఉంది. స్పాంజ్ ఫిల్టరూ, హీటరూ, ఒక ఎల్‌ఈడీ. 11 అక్రోపోరాలు 8 వారాలు అందులో బతుకుతాయా?

#14 – పోటునీరు

బతకవు, అలాగే వదిలేస్తే. క్వారంటీన్‌లో చచ్చే అక్రోపోరాల్లో ఎక్కువ భాగం పురుగు వల్ల చావవు. చిన్న ట్యాంకులో ఆల్కలినిటీ పగలు రాత్రి ఊగి చస్తాయి.

అడుగు బోడిగా ఉంచండి, ఇసుక వద్దు. దీపం కింద ప్లాస్టిక్ గళ్ల జాలీ స్టాండు, ఫ్రాగ్‌లన్నీ దాని మీద. ఊడిన పురుగు, చెత్త కింద తెల్లటి గాజు మీద కనిపిస్తాయి, సైఫన్ చెయ్యొచ్చు. స్పాంజ్ ఒక్కటి చాలదు. పెద్ద ట్యాంకు సంప్‌లో పాతబడ్డ సెరామిక్ మీడియా రెండు గుప్పెళ్లు తెచ్చి వేలాడే ఫిల్టర్‌లో వెయ్యండి. రాయి మాత్రం తేవద్దు, దాని మీద అక్రోపోరా మొదలు మిగిలుండొచ్చు.

కదలిక కోసం చిన్న పవర్‌హెడ్‌లు రెండు, ఎదురెదురుగా. వెలుతురు 150–200 పార్ (పగడాలు వాడుకునే వెలుతురు కొలత) మధ్య, ఇంతకుముందు 300లో ఉన్నవైనా సరే. డిప్ దెబ్బ తిన్న కొమ్మకు దీపం తగ్గిస్తేనే కోలుకుంటుంది. ఆల్కలినిటీ రోజూ ఒకే వేళకు కొలిచి, ఎంత తగ్గిందో అంతే పెంచేలా సోడా ద్రావణం రెండు భాగాలుగా, పొద్దున సగం, రాత్రి సగం. రోజుకు 0.5 డీకేహెచ్ కన్నా ఎక్కువ జరపొద్దు. ఎండిన నీటికి బదులు ఆర్‌వో నీళ్లు ఆటోమేటిక్‌గా పడేలా చూడండి. 75 లీటర్లలో మర్చిపోతే సాలినిటీ త్వరగా పెరుగుతుంది.

వారానికి 15 లీటర్ల నీటి మార్పు, అదీ డిప్ రోజునే. కొమ్మలు బకెట్లలో ఉండగా గాజు తుడిచి, అడుగు సైఫన్ చేసి, జాలీని వేడినీళ్లతో కడిగి పెట్టండి. జాలీ అడుగున కూడా పిల్ల పురుగులు దాక్కుంటాయి. ఇంకోటి: చేపలు లేని ట్యాంకులో నైట్రేట్, ఫాస్ఫేట్ సున్నాకు పడిపోతాయి, కొమ్మలు పాలిపోతాయి. అది చూసి పురుగు అనుకుని ఇంకో డిప్ చేస్తారు. వారం వారం నీటి మార్పుకు పెద్ద ట్యాంకు నీళ్లే వాడితే ఆ చిక్కు రాదు, కానీ అక్కడ అక్రోపోరా లేకుండా 8 వారాలు దాటాకే వాడాలి. అంతదాకా కొత్త ఉప్పునీళ్లూ, కొద్దిగా అమైనో ఆమ్లాలూ.

#15 – మొదటిట్యాంకు

రెడ్ బగ్ గురించి ఇందాక అన్నారు. దానికీ ఇవే డిప్పులా? కుక్కల మాత్ర అని ఎక్కడో చదివాను.

#16 – మాత్రలడబ్బా

రెడ్ బగ్ అంటే టెగాస్టెస్ అక్రోపోరానస్, ఫ్లాట్‌వార్మ్ కాదు, కోపీపాడ్ (రొయ్యల వర్గపు చిన్న ప్రాణి). అర మిల్లీమీటరు, పసుపు ఒళ్లు, మధ్యలో ఎర్ర చుక్క. ఫోన్ కెమెరాకు మాక్రో లెన్స్ పెడితే కొమ్మ మీద తిరుగుతూ కనిపిస్తాయి. దీనికి ట్యాంకు మొత్తానికి మందు పోయొచ్చు.

మందు మిల్బెమైసిన్ ఆక్సైమ్, కుక్కల గుండె పురుగుకు ఇచ్చే ఇంటర్‌సెప్టర్ మాత్రలో ఉంటుంది. పశువైద్యుడి చీటీ కావాలి. హాబీలో నిలిచిన కొలత 38 లీటర్లకు 25 మి.గ్రా. మాత్ర పొడి. ఇక్కడే గందరగోళం: అది మాత్ర బరువు, మందు బరువు కాదు. పెద్ద కుక్క మాత్రలో మందు 23 మి.గ్రా. ఉంటుంది. పాత మాత్ర మొత్తం బరువు 950 మి.గ్రా. దరిదాపు, అది 1440 లీటర్లకు సరిపోతుంది.

నీలిపలక గారి 400 లీటర్లకు లెక్కేద్దాం. 400ను 38తో భాగిస్తే 10.5, దాన్ని 25తో గుణిస్తే 263 మి.గ్రా. పొడి. మందుగా చూస్తే 6.4 మి.గ్రా., మాత్రలో పావుకు కాస్త ఎక్కువ. రెండు దారుల్లోనూ లెక్క కలిసింది కదా, కలవకపోతే మీ మాత్ర బరువు వేరని అర్థం. ఇప్పుడొచ్చే నమిలే రకం బరువు ఎక్కువ, రుచి కోసం కలిపినవి ఉంటాయి. కాబట్టి మందు మి.గ్రా. లెక్కే నమ్మండి: 63 లీటర్లకు 1 మి.గ్రా. మిల్లీగ్రాము తక్కెడ లేకుండా కంటి అంచనాతో వెయ్యొద్దు.

పొడిని ఆర్‌వో నీళ్లలో బాగా కలిపి, నీళ్లు ఎక్కువ కదిలేచోట పోయండి. కార్బన్ తీసేసి, యూవీ దీపం ఆపి, స్కిమ్మర్ (నురుగుతో మురికి లాగే పరికరం) కప్పు తీసి గాలి మాత్రం ఆడనివ్వండి. రొయ్యలు, పీతలు, సన్యాసి పీతలు ముందే వేరే ట్యాంకుకు. కొమ్మల్లో కాపురముండే చిన్న అక్రోపోరా పీతలు పట్టుబడకపోతే చస్తాయి. కోపీపాడ్లు కూడా పోతాయి, వాటినే తినే మాండరిన్ చేప ఉంటే పస్తులే. 6 గంటలయ్యాక 25–30 శాతం నీటి మార్పు, కొత్త కార్బన్, స్కిమ్మర్ ఆన్. ఇదే 7వ రోజు, 14వ రోజు.

ఫ్లాట్‌వార్మ్ మీద ఇది పనిచెయ్యదు. అక్కడ ఇది పోసి కూర్చోవడం ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టడమే.

#17 – భూతద్దం

పక్క మాటగా మోంటిపోరా ఉన్నవాళ్లకు. దానికి పట్టేది నుడిబ్రాంక్ (పెంకు లేని సముద్రపు నత్త), 2020లో ఫెస్టిల్లా సబోడియోసా అని పేరు పెట్టారు. తెల్లగా, వీపు మీద వేళ్లలాంటి మొటికలు, కొన్ని మి.మీ. ఉంటుంది. గుడ్లు పలక అడుగున తెల్లటి ముద్దలుగా. ఇవి ఫ్లాట్‌వార్మ్ గుడ్లకన్నా త్వరగా, వారంలోపే పగులుతాయి. అందుకని ఏడు రోజుల క్యాలెండర్ ఇక్కడ పనికిరాదు. 4–5 రోజులకోసారి, కనీసం అయిదు డిప్పులు. పలక అంచున తెల్లటి కొరికిన గీత కనిపిస్తే తిరగేసి అడుగు చూడండి, పైన ఏమీ ఉండదు.

#18 – అలలపోటు, నిర్వాహకుడు

చర్చ మధ్యలో ఒక్క మాట. పోయిన వారం ఇదే విభాగంలో ఎవరో తూర్పు తీరంలో పగడం ముక్క తెచ్చుకోవచ్చా అని అడిగి, ఆ పోస్టును తొలగించారు. భారత్‌లో రాతి పగడాలన్నీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. ఇక్కడి సముద్రంలో తీయడం, అమ్మడం, ఉంచుకోవడం నేరం. దిగుమతి చేసుకున్నవి సైటీస్ (ప్రమాదంలో ఉన్న జీవుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) రెండో అనుబంధం కిందికి వస్తాయి, కాగితాలు లేనిది కొనొద్దు. కాగితాలు లేని ఫ్రాగ్‌కు డిప్ సలహా కూడా ఇక్కడ అడగొద్దు. కొనసాగించండి.

#19 – నీలిపలక

మొదటి డిప్ అయింది. ఎనిమిది ప్లగ్గు ఫ్రాగ్‌ల నుంచి 41 పురుగులు, 60 పైచిలుకు గుడ్లు గీకాను, అందులో ఖాళీవి 19. ఒక టెన్యూయిస్ మూడు గంటలు జిగురు కారింది, రాత్రికి పాలిప్స్ తెరిచింది.

చిక్కల్లా రాయికి పాకేసిన మూడు కాలనీలతోనే. కొమ్మలు కోసి తీసుకున్నాను. రాయి మీద అరచేయంత పాకుడు మొదలు మిగిలింది. దాన్నేం చెయ్యాలి? రాయి 14 కిలోలు, మిగతా పగడాలు దాని మీదే ఉన్నాయి.

#20 – సంప్‌గది

వదిలేస్తే 8 వారాల ఖాళీ లెక్క మొత్తం వృథా. గోరంత బతికిన కండ ఉన్నా పురుగుకు సత్రమే.

రాయి బయటకు తియ్యగలిగితే ఉలితో ఆ పొరను చెక్కెయ్యండి, పక్కనున్న పగడాలకు తడిగుడ్డ కప్పి. ఎముక 3–4 మి.మీ. లోతు దాకా పోవాలి, కండ రంధ్రాల్లోకి దిగి ఉంటుంది. మీకు వీలుకాదు కాబట్టి ట్యాంకులోనే చెయ్యండి. పంపులన్నీ ఆపండి. గట్టి ఇనుప బ్రష్ కాదు, స్టెయిన్‌లెస్ స్క్రేపర్‌తో కండ గీకండి. గీకుతూనే పక్కన సైఫన్ గొట్టం పట్టుకోవాలి, లేకపోతే తునకలు ఎక్కడో పడి అక్కడ అతుక్కుంటాయి. తర్వాత రెండు భాగాల ఎపాక్సీ పుట్టీని చపాతీలా 3 మి.మీ. మందం ఒత్తి, అడుగున సూపర్‌గ్లూ జెల్ రాసి, మొత్తం కప్పెయ్యండి. అంచులు గీకిన చోటికన్నా ఒక సెం.మీ. బయటికి రావాలి. గుడ్లుంటే అవీ దానికిందే సమాధి.

పుట్టీ గట్టిపడేటప్పుడు స్కిమ్మర్ పొంగుతుంది, ఒక రాత్రి కప్పు ఎత్తి ఉంచండి. ఒకేసారి ఎక్కువ వాడొద్దు, ఆక్సిజన్ తగ్గుతుంది. మీ అరచేతి సైజుకు పరవాలేదు.

వారానికోసారి టార్చితో ఆ అంచులు చూడండి. పుట్టీ కింద నుంచి కండ మళ్లీ పాకి బయటికొస్తే, అది కనిపించి మళ్లీ కప్పిన రోజు నుంచి 8 వారాలు లెక్కపెట్టాలి.

#21 – నీలిపలక

సరే. పుట్టీ రేపు వస్తుంది. టెన్యూయిస్‌కు తర్వాతి డిప్ 10వ రోజు, మిగతావాటికి 7వ రోజు. ఆ రోజు పడ్డ పురుగుల సంఖ్య ఇక్కడే పెడతాను.